పక్షవాతం తర్వాత ఫిజియోథెరపీ: ఇంట్లోనా, సెంటర్‌లోనా, వేలూరులోనా?

ఆస్పత్రి నుంచి ఇంటికి పంపే రోజున చేతికిచ్చే డిశ్చార్జ్ సమ్మరీలో మందుల జాబితా ఒక పేజీ నిండా ఉంటుంది, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో తేదీతో సహా ఉంటుంది, చివర్లో ఎక్కడో ‘ఫిజియోథెరపీ కొనసాగించాలి’ అని ఒక్క వాక్యం ఉంటుంది. ఎక్కడ, ఎవరి దగ్గర, రోజుకు ఎంతసేపు, ఎన్ని నెలలు అన్నది ఆ వాక్యం చెప్పదు. మా నాన్నగారికి కుడి కాలూ చెయ్యీ పడిపోయి, దాంతోపాటే మాట కూడా పోయి, చెన్నైలో పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉండి బయటికి వచ్చినప్పుడు మాకు దక్కింది కూడా ఆ ఒక్క వాక్యమే.

సలహాలకు మాత్రం కొదవ లేకపోయింది. నాయుడుపేట నుంచి చూడవచ్చిన మేనత్త, చిత్తూరు వైపు పక్షవాతానికి నాటు మందు ఇచ్చే ఊరి పేరు చెప్పి బస్సు ఎక్కడ మారాలో కూడా వివరించింది. ఆఫీసులో ఒకాయన రోబో యంత్రాలున్న రిహాబ్ (పునరావాస చికిత్స) సెంటర్‌లో నెల రోజులు చేర్చమన్నారు. ఎదురింటి మామి కె.కె.నగర్ ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థకు మించినది లేదన్నారు. తమ్ముడు ఇంటికే ఫిజియోను పిలిపిద్దామన్నాడు. ఎవరి అనుభవం వారు చెప్పారు, ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. అయితే వీటిలో ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దాన్నే పట్టుకుని ఉండాలన్న మా లెక్క మాత్రం తప్పని, రోగి ఉన్న దశను బట్టి ఒక్కో దారికి ఒక్కో కాలం ఉంటుందని మాకు తెలిసివచ్చేసరికి రెండు నెలలు గడిచిపోయాయి. పక్షవాతంలో కోలుకోవడం అన్నింటికన్నా వేగంగా సాగేది మొదటి మూడు నెలల్లో కనుక ఆ రెండు నెలలు తక్కువ ఖరీదు చేసేవి కావు. చెన్నైలో కాపురముంటున్న తెలుగువారికీ, వైద్యానికని నెల్లూరు, తిరుపతి వైపుల నుంచి ఇక్కడికి వచ్చేవారికీ పనికి వస్తుందని ఈ పోలిక రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను, మందుల జోలికి పోను.

డైరీలో పందొమ్మిది గీతలు

ఇంటికి వచ్చిన మొదటి ఫిజియో మంచి మనిషి, వేళ తప్పేవాడు కాదు, నాన్నగారిని ‘అయ్యా’ అని మర్యాదగా పిలిచేవాడు. రోజుకు ముప్పావు గంట, మనిషి వచ్చి వెళ్లినందుకు ఏడు వందల రూపాయలు. మూడో వారంలో ఒకనాడు ఏం తోచిందో, నేను మంచం పక్కన కూర్చుని పాత డైరీలో లెక్క రాయడం మొదలుపెట్టాను. వేడి కాపడం పది నిమిషాలు. మోచేతికీ భుజానికీ కరెంటు పెట్టే యంత్రం పదిహేను నిమిషాలు, అంతసేపూ ఆయన ఫోన్ చూసుకున్నాడు, నాన్నగారు సీలింగ్ ఫ్యాన్ చూశారు. తర్వాత పన్నెండు నిమిషాలు ఆయన తన చేతులతోనే నాన్నగారి చేతినీ కాలినీ వంచి, చాపి, మళ్లీ వంచాడు. నాన్నగారు తానుగా ప్రయత్నించి చేసిన ప్రతి కదలికకూ ఒక నిలువు గీత, ఐదోదానికి అడ్డగీత పెడుతూ వచ్చాను. ఆయన లేచి చెప్పులు వేసుకునేటప్పటికి గీతలు పందొమ్మిది ఉన్నాయి.

ఈ లెక్క మా ఇంటికే పరిమితం కాదని తర్వాత తెలిసింది. అమెరికా, కెనడాలలోని ఏడు కేంద్రాల్లో 312 ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు మళ్లీ నేర్పే చికిత్స) సెషన్లను పక్కన కూర్చుని లెక్కపెట్టిన పరిశోధకులు, చేతికి సాధన చేయించిన సెషన్లలో పనికివచ్చే కదలికలు సగటున 32 మాత్రమేనని 2009లో ప్రచురించారు. దెబ్బతిన్న మెదడు కొత్త దారులు వేసుకుంటుందని జంతువులపై నిరూపించిన ప్రయోగాల్లోనేమో రోజుకు వందల సంఖ్యలో అదే కదలికను చేయించారు. కండరం ఎవరో వంచితే కీలు బిగుసుకుపోకుండా ఉంటుంది, అది అవసరమే. కానీ మెదడు నేర్చుకోవాలంటే ఆజ్ఞ మెదడు నుంచే వెళ్లాలి, ఆ ప్రయత్నంలో వేలు అంగుళంలో పదో వంతు కదిలినా సరే.

అందుకే ఏ దారినైనా తూచడానికి నేను వాడే తూకపురాయి ఒక్కటే. ఈ ఏర్పాటులో రోగి తన ప్రయత్నంతో చేసే కదలికలు రోజుకు ఎన్ని? సెంటర్ గోడల మీద యంత్రాల బొమ్మలు ఎన్ని ఉన్నా, డాక్టరు పేరు పక్కన అక్షరాలు ఎన్ని ఉన్నా, ముందు ఈ ప్రశ్నకు జవాబు కావాలి. అలాగని మరీ తొందరా పనికిరాదు. 5 దేశాల్లో 2,104 మందిపై జరిపి 2015లో ఫలితాలు ప్రకటించిన ఒక పెద్ద పరిశీలనలో, పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే ఎక్కువసార్లు, ఎక్కువసేపు లేపి నడిపించినవారు మామూలు పద్ధతిలో చూసినవారికన్నా మూడు నెలల తర్వాత కొంత వెనుకబడ్డారు. మొదటి రోజు ‘లేపండి, నడిపించండి’ అని వార్డులో నర్సులను ఒత్తిడి చేసినవారిలో నేనూ ఉన్నాను కనుక ఈ మాట రాయక తప్పదు.

ఇంటికి వచ్చే ఫిజియో

రోగి ఆసరాతోనైనా కూర్చోగలిగి, నోటితో తిని మింగగలిగి, చెప్పింది అర్థం చేసుకోగలిగితే ఇంటి వైద్యం మీద చులకన అక్కర్లేదు. చెన్నైలో సాలిగ్రామం నుంచి పోరూరు దాకా సాయంత్రం పూట కారులో తీసుకెళ్లి తీసుకురావడానికి పట్టే రెండు గంటల్లో, వీల్‌చైర్‌లోంచి సీటులోకి, సీటులోంచి వీల్‌చైర్‌లోకి మార్చేసరికే మనిషి అలిసిపోతాడు. అక్కడ చేసే ముప్పావు గంట వ్యాయామానికి మిగిలే ఓపిక కొంచెమే. ఇంట్లో ఆ ఓపికంతా పనికే పోతుంది. పైగా లేవాల్సింది తన మంచం మీద నుంచే, దాటాల్సింది తన స్నానాల గది గడపనే. సెంటర్‌లో సమతలంగా ఉన్న నేల మీద నలభై అడుగులు నడిచిన మనిషి మన ఇళ్లలో వంటింటికీ హాలుకూ మధ్య ఉండే రెండంగుళాల గట్టు దగ్గర ఆగిపోవడం నేను చూశాను.

నడక విషయంలో ఇంటి పక్షాన గట్టి సాక్ష్యం కూడా ఉంది. శరీర బరువును పట్టీలతో పైకి లాగి ట్రెడ్‌మిల్ మీద నడిపించే ఖరీదైన పద్ధతినీ, ఫిజియో ఇంటికే వచ్చి బలానికీ నిలకడకూ చేయించే వ్యాయామాలనూ అమెరికాలో 408 మంది పక్షవాత రోగులపై పోల్చి చూశారు. 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం ఏడాది తర్వాత రెండు పద్ధతుల మధ్య తేడా లేదు. నడక ఒక మెట్టు మెరుగుపడినవారు మొత్తం మీద నూటికి 52 మంది.

అయితే ఇంటికి వచ్చే మనిషిని ఎంచుకోవడంలోనే కష్టమంతా ఉంది. యాప్ పంపించే మనిషి ఈ వారం ఒకరు, వచ్చే వారం మరొకరు కావచ్చు. ఫిజియోథెరపీలో డిగ్రీ అంటే బి.పి.టి., నాడీ సంబంధమైన రోగులను చూడటంలో ప్రత్యేక శిక్షణ ఉన్నది ఎం.పి.టి. న్యూరో. మోకాళ్ల నొప్పులకూ ఆటగాళ్ల గాయాలకూ చికిత్స చేసి చేయి తిరిగినవారికి పక్షవాతం కొత్త కావచ్చు, అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. మొదటి రోజు ఆయన రాగానే యంత్రం పెట్టె తెరుస్తాడా, లేక రోగిని కూర్చోబెట్టి, లేపి, నిలబెట్టి ఏది వస్తుందో ఏది రాదో రాసుకుంటాడా అన్నది గమనించండి. రెండో రకం మనిషి దొరికితే వదలొద్దు. అలాంటివారు వెళ్లేముందు ‘మళ్లీ నేను వచ్చేదాకా ఇవి రోజుకు ఇన్నిసార్లు’ అని కాగితం మీద రాసిపెడతారు. మాకు రెండోసారి దొరికిన అమ్మాయి అలాంటిదే. వారానికి ఆరు రోజులు వచ్చేవాడి స్థానంలో మూడు రోజులే వచ్చేది, ఖర్చు సగమయింది, డైరీలో గీతలు రోజుకు రెండు వందలు దాటాయి.

పని జరుగుతోందా లేదా అన్నదానికి ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. అపార్ట్‌మెంట్ కారిడార్‌లో పది మీటర్లు టేపుతో కొలిచి సుద్దముక్కతో గీత గీసి, మామూలు నడకకు ఎన్ని సెకన్లు పడుతుందో పదిహేను రోజులకొకసారి రాసుకోవాలి. పాతిక సెకన్లకు మించి పడితే నడక ఇంటి గోడల మధ్యకే పరిమితమని, పన్నెండున్నర సెకన్లలోపు వస్తే బయట ధైర్యంగా తిరగగలరని వైద్యులు సుమారుగా అంచనా వేస్తారు. మూడు కొలతల్లో అంకె కదలకపోతే ఫిజియోను ఎందుకని అడగాలి, తృప్తికరమైన జవాబు రాకపోతే మార్చాలి.

చేర్చుకునే రిహాబ్ సెంటర్లు

చెన్నైలో ఇవి ఇప్పుడు చాలా ఉన్నాయి. కొన్ని పెద్ద ఆస్పత్రుల విభాగాలు, కొన్ని విడిగా నడిచేవి, మరికొన్ని వృద్ధాశ్రమానికి ఫిజియో బల్ల తగిలించి రిహాబ్ అని బోర్డు పెట్టుకున్నవి. మూడో రకాన్ని గుర్తుపట్టడం తేలిక. ‘ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్‌లో ఎం.డి. చేసిన డాక్టరు రోజూ రౌండ్స్‌కు వస్తారా, ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉద్యోగంలో ఉన్నారా, పిలిస్తే వస్తారా?’ అని అడిగితే జవాబు తడబడుతుంది.

మేము నాన్నగారిని రెండు వారాలు చేర్చిన చోట, పేరు అనవసరం, ఉదయం హాలులో ఆరుగురు రోగులకు ఇద్దరు ఫిజియోలు ఉండేవారు. రోజుకు మూడు గంటల థెరపీ అని ప్యాకేజీలో రాశారు, మూడు గంటలు హాలులో కూర్చోబెట్టిన మాటా నిజమే. అందులో నాన్నగారి వంతు వచ్చేది నలభై నిమిషాలు. చేతికి తొడిగే రోబో గ్లవ్ తానే వేళ్లు ముడిచి తెరిచేది, నాన్నగారు ఆ ఇరవై నిమిషాలూ తలుపు వైపు చూస్తూ అమ్మ టిఫిన్ డబ్బాతో ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసేవారు. బిల్లులో ఆ గ్లవ్‌కు విడిగా రేటు ఉంది.

రోబోల మీద నాకు వైరం లేదు. బ్రిటన్‌లో 770 మందిపై జరిపి 2019లో ప్రకటించిన పరిశీలనలో రోబోతో చేయించిన చేతి సాధన, మామూలు చికిత్సకన్నా చేతి పనితనాన్ని పెంచలేదని తేలింది. రోగి ప్రయత్నిస్తేనే కదిలేలా అమర్చిన యంత్రమైతే గీతల సంఖ్య పెంచడానికి పనికి రావచ్చు. దానికోసమే సెంటర్‌ను ఎంచుకోవడం మాత్రం దండగ. దీనికి భిన్నంగా, బాగున్న చేతికి తొడుగు వేసి కట్టేసి, పడిపోయిన చేతితోనే పనులు చేయించే పద్ధతి 2006లో 222 మందిపై జరిగిన పరిశీలనలో స్పష్టంగా పనిచేసింది. ఖర్చు ఒక తొడుగు, చాలా ఓర్పు. మణికట్టూ వేళ్లూ కొంచెమైనా లేపగలిగినవారికే అది వర్తిస్తుంది.

అయినా సెంటర్‌లో చేర్చవలసిన రోగులు ఉన్నారు, వారిని ఇంట్లో పెట్టుకుంటే నష్టపోతాం. ఒక పక్కకు ఒరిగిపోకుండా కూర్చోలేనివారు, ముక్కు గొట్టంతో ఆహారం వెళ్తున్నవారు, మూత్రపు గొట్టం ఉన్నవారు, వీపు కింద చర్మం ఎర్రబారడం మొదలైనవారు, తన ఎడమ పక్క అనేదే ఒకటుందని మరిచిపోయినవారు ఈ కోవలోకి వస్తారు. ఇంట్లో పగలూ రాత్రీ తిప్పి పడుకోబెట్టడానికి ఇద్దరు మనుషులు లేకపోతే అదీ ఒక కారణమే. బ్రిటన్‌లో 2023లో సవరించిన వైద్య మార్గదర్శకాలు పక్షవాత రోగికి వారంలో కనీసం ఐదు రోజులు, రోజుకు కనీసం మూడు గంటల పునరావాస చికిత్స అందాలని చెప్తున్నాయి. అన్ని రకాల థెరపీలూ కలిపి అన్నమాట. ఆ మోతాదు ఒక్క ఫిజియో ఇంటికి వచ్చి ఇవ్వగలిగింది కాదు, మంచి సెంటర్ ఇవ్వగలదు. చేర్చేముందు ఉదయం పది గంటలకు చెప్పకుండా వెళ్లి, హాలులో ఒక గంట నిలబడి ఒకే రోగిని గమనించండి. నిలబడనివ్వకపోతే మీ ప్రశ్నకు జవాబు దొరికినట్లే.

ఇన్సూరెన్స్ ఉన్నవారు ఒక్క విషయం చూసుకోవాలి. చాలా పాలసీలు డిశ్చార్జ్ తర్వాత 60 లేదా 90 రోజుల ఖర్చులను ఒప్పుకుంటాయి, ఫిజియోథెరపీ కూడా అందులో వచ్చేది డాక్టరు రాసిన చీటీ, రసీదులు ఉంటేనే. మా మొదటి ఫిజియోకు అంతా ఫోన్‌లో పంపాం, రసీదు అడగలేదు.

కె.కె.నగర్, నగర ఆరోగ్య కేంద్రం

డబ్బు పెద్ద విషయమైన ఇంటికి, చెప్పాలంటే డబ్బు ఉన్న ఇంటికి కూడా, కె.కె.నగర్‌లోని ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థను చూడకుండా నిర్ణయం తీసుకోవద్దని చెప్తాను. ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపీ, కాలికి వేసే పట్టీలూ కృత్రిమ అవయవాలూ తయారుచేసే పని ఒకే ఆవరణలో జరుగుతాయి. అక్కడ వాతావరణం ప్రైవేటు సెంటర్ల మాదిరి ఉండదు, వరుసలో కూర్చోవాలి, తమిళం రాకపోతే మొదటి రోజు కొంత తికమక పడతారు. కానీ రోజూ పక్షవాతాలూ వెన్నెముక దెబ్బలూ చూసే కళ్లకు ఒక తేడా ఉంటుంది. నాన్నగారి పాదం ముందుకు వాలిపోయి వేళ్లు నేలకు రాసుకుంటుంటే, ప్రైవేటులో మూడు వారాలు కరెంటు పెట్టారు. ఇక్కడ పెద్ద డాక్టరమ్మ ఆయన్ను నాలుగడుగులు నడిపించి, మడమ దగ్గర ఎల్ ఆకారంలో ఉండే ప్లాస్టిక్ పట్టీ రాసిచ్చారు, అది వేసుకున్న రోజే నడక మారింది. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ముట్టుకాడులో ఉన్న బహుళ వైకల్యాల జాతీయ సంస్థ కూడా పరికరాల విషయంలో చూడదగినదే.

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న ప్రారంభించిన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకంలో బీపీ, షుగరు మందులతోపాటు అవసరమైనవారికి ఇంటికి ఫిజియోథెరపీ కూడా ఉచితంగా వస్తుంది. దగ్గరలోని నగర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించాలి. వాళ్లు రోజూ రారు, రోజువారీ సాధనకు దీని మీద ఆధారపడలేం. వచ్చిన రోజున వ్యాయామాలు సరిచేయించుకోవడానికి బాగుంటుంది. నెల్లూరు చిరునామాతో ఇక్కడ తాత్కాలికంగా ఉంటున్నవారు వికలాంగ ధ్రువపత్రం కోసం ఈ ఊళ్లో తిరగడం కంటే, పింఛను సహా మన రాష్ట్రపు సదుపాయాలకు అవసరమయ్యే సదరం ధ్రువపత్రానికి సొంత జిల్లాలోనే వెళ్లడం మంచిది. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నట్లు తేలితేనే చాలా రాయితీలు వర్తిస్తాయి.

‘మేమే చేసుకుంటాం’ అనుకునేవారికి

మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1,250 మందిపై ఒక ముఖ్యమైన పరిశీలన జరిగింది. ఇంటివాళ్లకు ఆస్పత్రిలోనే వ్యాయామాలు నేర్పి, ఇంటికి పంపి, వాళ్లచేతే చేయించారు. 2017లో వచ్చిన ఫలితం నిరుత్సాహపరిచింది. ఆరు నెలల తర్వాత చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి, ఇంటివాళ్లచేత చేయించిన వర్గంలోనూ మామూలు చికిత్స పొందిన వర్గంలోనూ నూటికి 47 మందే. దీన్ని బట్టి ఇంటివాళ్లు చేసేది వృథా అని నేననుకోను, నేర్పి వదిలేస్తే చాలదని మాత్రం అనుకుంటున్నాను. రెండు వందల గీతలు గీయించేది ఇంటివాళ్లే, ఏ కదలికకు గీయాలో వారం వారం మార్చి చెప్పేది ఫిజియో.

రోగిని చూసుకోవడానికి పెట్టుకునే ఆయా విషయంలో ఒక జాగ్రత్త చెప్పి ముందుకు వెళ్తాను. పడిపోయిన చేతిని పట్టుకుని లాగి లేపడం, చంకలో చెయ్యి వేసి ఎత్తడం భుజం కీలును జారుస్తాయి, ఆ నొప్పి నెలల తరబడి వ్యాయామాన్నే ఆపేస్తుంది. తలుపు మీద కప్పీ కట్టి తాడుతో చేతిని పైకి లాగించే పద్ధతి కూడా పక్షవాతపు భుజానికి వద్దు. మా ఇంట్లో మంచం తలాపున ‘కుడి చెయ్యి పట్టి లాగొద్దు’ అని తెలుగులోనూ తమిళంలోనూ రాసి అంటించాం, చుట్టాలు కూడా చదవాలని.

నాటు మందు సంగతి. మేనత్త మనసు నొప్పించకుండా వెళ్లొచ్చాం. నూనె రాసుకుంటే హాని లేదు. లోపలికి ఇచ్చే పొడుల్లో ఏముందో తెలియదు కనుక, రక్తం పలచబడే మందులు వాడేవారు వాటిని మింగకూడదు, బీపీ మాత్రలు ఆపమంటే ఆ గడప దిగి వచ్చేయాలి.

తాళంచెవి

మాట పోయినవారికి స్పీచ్ థెరపీ ఎంచుకునేటప్పుడు మిగతా అన్నింటికన్నా ముందు చూడాల్సింది భాష. పరీక్ష రోజున స్పీచ్ థెరపిస్టు అమ్మాయి నాన్నగారికి తాళంచెవి బొమ్మ చూపించింది. నాన్నగారు ముఖం ఎర్రబడేలా ప్రయత్నించి, మొదటి సగం నోట రాక, ‘...చెవి’ అన్నారు. తమిళంలో తాళంచెవి ‘సావి’, చెవి ‘సెవి’. ఆమె విన్నది చెవి అని, తాళంచెవిని చూసి చెవి అన్నారని, కాగితం మీద తప్పు వేసింది. నేను పక్కన లేకపోతే అది అలాగే ఉండిపోయేది. ఆమె తప్పేమీ లేదు, ఆమెకు తెలుగు రాదు. నాన్నగారు ముప్పై ఏళ్లు చెన్నైతో వ్యాపారం చేసి తమిళం ధారాళంగా మాట్లాడినవారే, అయినా దెబ్బ తర్వాత ముందుగా తిరిగి వచ్చింది ఆదివారం, సోమవారం అంటూ వరుసగా చెప్పే తెలుగు వారాలే. చెన్నైలో తెలుగు వచ్చిన స్పీచ్ థెరపిస్టులు వెతికితే దొరుకుతారు. దగ్గరలో దొరకకపోతే ఫిజియోకు వీడియో కాల్ వద్దనే నేనే, మాటకు మాత్రం తిరుపతి నుంచైనా హైదరాబాద్ నుంచైనా వీడియో కాల్‌లో తెలుగు థెరపిస్టునే పెట్టుకోమంటాను.

మెడ దెబ్బ లెక్క వేరు

పైన రాసినదంతా పక్షవాతానికి. ప్రమాదంలో మెడ ఎముక విరిగి లోపలి వెన్నుపాము దెబ్బతిన్నవారి విషయంలో నేను ఇంటి వైద్యం వైపు మొగ్గను. మా పిన్ని కొడుకు గూడూరులో కడుతున్న ఇంటి స్లాబు మీద నుంచి పడి మెడలో ఆరో స్థాయి దగ్గర దెబ్బ తగిలించుకున్నాడు. చెన్నైలో ఆపరేషన్ అయ్యాక, ఇంటికి తీసుకెళ్లి ఫిజియోను పెట్టారు. ఆ ఫిజియో రోజూ శ్రద్ధగా అతని మణికట్టును వెనక్కి వంచి పట్టుకుని, ముడుచుకున్న వేళ్లను పూర్తిగా చాపేవాడు. ఆరో స్థాయి దెబ్బలో వేళ్లకు బలం రాకపోయినా మణికట్టు పైకెత్తే బలం మిగులుతుంది, మణికట్టు ఎత్తగానే వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి, గ్లాసు పట్టుకోవడానికీ చెంచా పట్టుకోవడానికీ జీవితాంతం మిగిలే పట్టు అదొక్కటే. ఆ బిగువును చేజేతులా సాగదీస్తే పట్టు పోతుంది. పదిహేను రోజుల తర్వాత వేలూరులో ఆక్యుపేషనల్ థెరపిస్టు చూసి ఆపించారు కనుక బతికిపోయాడు. ఇప్పుడు రెండు చేతుల మధ్య కాకుండా ఒక్క చేత్తోనే స్టీలు గ్లాసులో కాఫీ తాగుతాడు.

వేలూరు సి.ఎం.సి. (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి) గురించి రెండు మాటలు. 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని, తర్వాత చక్రాల కుర్చీలోనే కూర్చుని శస్త్రచికిత్సలు చేసి, అమెరికాలో పునరావాస వైద్యం చదివి వచ్చిన డాక్టర్ మేరీ వర్గీస్ నడిపించిన విభాగం అది. బాగాయంలోని రిహాబిలిటేషన్ ఇన్‌స్టిట్యూట్ 1966లో మొదలైంది. చెన్నై నుంచి 140 కిలోమీటర్లు, రైలైతే కాట్పాడిలో దిగాలి. తెలుగు మాట్లాడే రోగులు అక్కడ ఎంతమంది అంటే భాష ఇబ్బంది కానే కాదు. చేరడానికి ఎదురుచూపు ఉంటుంది, నెలల తరబడి ఉండాలి, తోడు మనిషి ఉద్యోగం మానుకోవాలి. చెన్నైలోనే కె.కె.నగర్ సంస్థలో చోటు దొరికితే చాలామందికి అదే మెరుగు కావచ్చు. రెండింట్లో ఏదైనా సరే, వెన్నుపాము రోగులను వార్డులో పెట్టుకుని చూసే చోటే కావాలి.

ఎందుకంటే అక్కడ నేర్పేది వ్యాయామం ఒక్కటే కాదు. రెండు గంటలకొకసారి పక్క మార్చడం, నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి శుభ్రమైన గొట్టంతో మూత్రం తీసుకోవడం, విరేచనానికి వేళ అలవాటు చేయడం, దగ్గలేని మనిషి గొంతులోని కఫాన్ని బయటికి తెప్పించడం ఇంటివాళ్లకు కూడా నేర్పుతారు. మెడ దెబ్బ తిన్నవారికి మూత్రపు గొట్టం మూసుకుపోయినా, మలబద్ధకం ఏర్పడినా ఒక్కసారిగా రక్తపోటు పెరిగి, తల పగిలే నొప్పి, ముఖం మీద చెమటలు రావచ్చు. వెంటనే కూర్చోబెట్టి, బట్టలు వదులుచేసి, గొట్టం మెలిపడిందేమో చూసి, తగ్గకపోతే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఇది తెలియని మనిషి ఆ సమయంలో రోగిని పడుకోబెడతాడు, అది ఇంకా ప్రమాదం. చక్రాల కుర్చీ కూడా అక్కడ కొలతలు తీసుకున్నాకే కొనండి. ఐఐటీ మద్రాసులో రూపుదిద్దుకున్న నియోఫ్లై వంటి కుర్చీలు మనిషి కొలతలకు సరిపోయేలా చేసేవి, మందుల షాపులో దొరికే మడత కుర్చీకి వాటికీ పోలిక లేదు.

వెన్నుపాముకు ఏమీ కాకుండా కండరాలు మాత్రం పట్టేసిన మెడ నొప్పికి దగ్గరలోని క్లినిక్ చాలు, మెడ పట్టీ నెలల తరబడి వేసుకోకూడదు. సెలూన్‌లో మెడ పుటుక్కుమనిపించుకోవడం మాత్రం ఎవరికీ వద్దు, మెడలోని రక్తనాళం చీలి దానివల్లే పక్షవాతం వచ్చినవారు ఉన్నారు.

ఈ పాటి తెలిసి ఉంటే

నాన్నగారి విషయంలో మళ్లీ మొదలుపెట్టగలిగితే, ఆస్పత్రి నుంచి నేరుగా మూడు వారాలు కె.కె.నగర్‌లో గానీ, నిలబడి చూసి ఎంచుకున్న సెంటర్‌లో గానీ చేర్చేవాణ్ణి. ఆసరాతో నాలుగడుగులు వేయగానే ఇంటికి తెచ్చి, న్యూరో చదివిన ఫిజియోను వారానికి మూడు రోజులు, తెలుగు స్పీచ్ థెరపిస్టును రెండు రోజులు పెట్టి, మిగతా గీతలు మేమే గీయించేవాళ్లం. నెలకొకసారి పెద్ద డాక్టరుకు చూపించి, పట్టీ మార్చాలా, బిగుసుకుపోయిన కండరానికి ఇంజెక్షన్ కావాలా అడిగేవాళ్లం. ఆరు నెలలు దాటాక కూడా ఆపం. ఇప్పుడు పదిహేనో నెల, వేగం తగ్గింది గానీ కొలత ఆగలేదు. కారిడార్‌లో పది మీటర్లకు మొదట 41 సెకన్లు పట్టేది, పోయిన ఆదివారం 19 పట్టింది. సుద్ద గీత చెరిగిపోతే వాచ్‌మన్ పెయింటుతో వేసిపెట్టాడు.